‘ఒక్కసారికే హెచ్ఐవీ వచ్చేస్తుందా?’ భయం ఎంత, అసలు ప్రమాదం ఎంత, పరీక్ష ఎప్పుడు?

పెళ్లి కుదిరింది. ముహూర్తం నెల రోజుల్లో ఉంది. అయిదు నెలల కిందట ఒకసారి జరిగినదాని గురించి ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. మరొకరికి గల్ఫ్ వీసా మెడికల్ దగ్గర పడింది, అందులో హెచ్ఐవీ పరీక్ష ఉంటుందని ఏజెంట్ చెప్పాడు. ఇంకొకరు మసాజ్ సెంటర్‌కి వెళ్లారు, అక్కడ చేతితో తాకడం తప్ప మరేం జరగలేదు. అయినా గొంతు నొప్పి వస్తే చాలు, అద్దం ముందు నిలబడి నాలుక చూసుకుంటున్నారు.

ఈ ప్రశ్నలు నగరాల్లోనూ ఉన్నాయి, శ్రీకాకుళం జిల్లా నౌపడ లాంటి చోటా ఉన్నాయి. తేడా ఒక్కటే. విశాఖలో ఉన్నవారు ముఖం తెలియని డాక్టర్ దగ్గరికి వెళ్లగలరు. నౌపడలో ఆసుపత్రి మెట్లెక్కితే సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుందన్న భయం ఉంటుంది. హౌరా-చెన్నై మెయిన్ లైనులో జంక్షన్, ఉప్పు మళ్లు, దగ్గర్లో భావనపాడు తీరం, మూలపేట పోర్టు పనులు. ఉప్పుకు పేరున్న ఈ ప్రాంతం నుంచి, పక్కనున్న ఉద్దానం నుంచి పనికోసం బయటికి వెళ్లి వచ్చేవాళ్లు ఎక్కువ. జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండే చోట ఇలాంటి ప్రశ్నలు పుట్టడం వింత కాదు. సమాధానం కోసం ఎవరినీ అడగలేక రాత్రి రెండు గంటలకు ఫోన్‌ని అడగడం దగ్గరే చిక్కు మొదలవుతోంది. ఫోన్ ప్రతి లక్షణాన్నీ చూపిస్తుంది, మీకు జరిగినదాంట్లో ప్రమాదం ఎంతో మాత్రం లెక్క కట్టి చెప్పదు.

ఆ లెక్క ఇక్కడ చూద్దాం.

ముందు, అసలు ప్రమాదమే లేనివి

హెచ్ఐవీ ఉన్న వ్యక్తి రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాలు. వైరస్ వేరొకరికి చేరేంత మోతాదులో ఉండేది వీటిలోనే. లాలాజలంలో, చెమటలో, కన్నీళ్లలో, మూత్రంలో అలా ఉండదు. పైగా ఆ ద్రవం లోపలి మెత్తటి పొరలకో, తెరిచి ఉన్న తాజా గాయానికో తగలాలి, లేదా సూది ద్వారా నేరుగా రక్తంలోకి వెళ్లాలి. శరీరం నుంచి బయటపడ్డ వైరస్ గాలి తగిలాక ఎక్కువసేపు నిలవదు.

కాబట్టి కౌగిలి, పెదాల మీద ముద్దు, చేతితో స్పర్శ, ఒకే మంచం, ఒకే దుప్పటి, ఒకే బాత్రూమ్, దోమకాటు... వీటితో రాదు. బట్టల మీదుగా శరీరాలు తాకితే రాదు. ఉప్పు మళ్లలో పనిచేసేవారి చేతులు, కాళ్లు పగిలి ఉంటాయి. అలాంటి చేతితో ఎవరినైనా తాకితే వస్తుందా అన్న సందేహం రావచ్చు. మానుతున్న పగుళ్లు, ఎండిన పుండ్లు వైరస్‌కు దారి కావు. నెత్తురు కారుతున్న తాజా గాయానికి ఎదుటివారి రక్తం తగిలితే మాత్రం అది వేరే సంగతి.

మసాజ్ సెంటర్‌కి వెళ్లినవారి సమాధానం ఇక్కడితో అయిపోయింది. వారికి పరీక్ష కూడా అక్కర్లేదు. మనసు ఊరుకోకపోతే ఒకసారి చేయించుకోవచ్చు, అంతే.

లైంగిక సంబంధంలో లెక్క ఎలా ఉంటుంది?

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2014లో ఒక అంచనా వేశారు. ఎదుటి వ్యక్తికి హెచ్ఐవీ కచ్చితంగా ఉండి, చికిత్స తీసుకోకుండా, కండోమ్ లేకుండా కలిస్తే ఒక్కసారికి సగటున ప్రమాదం ఎంత అన్నది ఆ లెక్క. యోని ద్వారా సంభోగంలో పురుషుడికి 10,000 సార్లలో 4, స్త్రీకి 8. మలద్వారం ద్వారా అయితే స్వీకరించేవారికి 138, రెండో వ్యక్తికి 11. నోటి ద్వారా జరిగే సంబంధంలో అంకె వేయడం కష్టమయ్యేంత తక్కువ.

ఈ అంకెలు చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ‘ఒక్కసారి చాలు’ అనే మాట వింటూ పెరిగినవాళ్లం కదా. ఆ మాట అబద్ధం కాదు, ఒక్కసారికే వచ్చినవారు ఉన్నారు. కానీ ‘రావచ్చు’ అనడానికీ ‘వచ్చే తీరుతుంది’ అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఎవరూ విడమరచి చెప్పలేదు.

ఇంకో మెట్టు కూడా ఉంది. పై లెక్క ఎదుటివారికి హెచ్ఐవీ ఉందని తెలిసినప్పటిది. తెలియనప్పుడు? జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల వారిలో 0.21 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67 శాతం, జాతీయ సగటుకు మూడు రెట్లు. ఈశాన్య రాష్ట్రాలు మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మనమే. అయినా ఆ 0.67ను పురుషుడి లెక్కతో హెచ్చవేస్తే ఒక్క కలయికకు ప్రమాదం సుమారు 3 లక్షల 70 వేలల్లో ఒకటి. ‘నేను వెళ్లింది మామూలు మనిషి దగ్గరికి కాదు’ అంటారా? పదిమందిలో ఒకరికి ఉందనే అనుకుందాం, అది చాలా ఎక్కువ పట్టిన లెక్క. అప్పుడు కూడా 25,000లో ఒకటి. కండోమ్ సరిగ్గా వాడి, అది చిరగకుండా ఉంటే ఇంకా బాగా తగ్గుతుంది.

సగటును పట్టుకుని ధీమాగా ఉండకూడని సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరిలో ఎవరికైనా జననాంగాల మీద పుండ్లు, సుఖవ్యాధులు ఉంటే ప్రమాదం పెరుగుతుంది. ఎదుటివారికి ఇన్ఫెక్షన్ కొత్తగా సోకి ఉంటే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది ఒక్కసారి లెక్క. ఏడాదిలో యాభై సార్లు అయితే చిన్న అంకె చిన్నగా ఉండదు.

మరో సంగతి మన దగ్గర ఇంకా సరిగ్గా ప్రచారం కాలేదు. మందులు క్రమం తప్పక వాడుతూ, రక్తపరీక్షలో వైరస్ కనబడనంత తక్కువకు పడిపోయిన వ్యక్తి నుంచి లైంగికంగా హెచ్ఐవీ సోకదు. 2019లో వచ్చిన పార్ట్‌నర్-2 అధ్యయనంలో ఇలాంటి పురుష జంటలు కండోమ్ లేకుండా దాదాపు 76 వేల సార్లు కలిశాయి. ఆ భాగస్వామి నుంచి వైరస్ సోకిన ఘటన ఒక్కటీ లేదు. దీని అర్థం ఒకసారి ఆలోచించండి. మందులు వాడుతున్న హెచ్ఐవీ వ్యక్తి కంటే, ఎప్పుడూ పరీక్షే చేయించుకోని ‘మంచివాడు’ ఎక్కువ ప్రమాదం.

ముద్దుకు భయం, సూదికి లేదు

పైన చెప్పిన సీడీసీ అంచనాలోనే సిరంజీ పంచుకుని మత్తు మందు ఎక్కించుకుంటే ఒక్కసారికి ప్రమాదం 10,000లో 63 అని తేలింది. పురుషుడికి యోని సంభోగంలో ఉన్నదానికి పదిహేను రెట్లకు పైన. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవు ప్రాంతంలో పదుల సంఖ్యలో జనానికి హెచ్ఐవీ బయటపడింది. ఒకే సిరంజీతో అందరికీ ఇంజెక్షన్లు వేశాడన్న ఆరోపణపై ఒక నాటు వైద్యుడి మీద కేసు పెట్టారు.

మన పల్లెల్లో జ్వరం వచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే గానీ తృప్తి ఉండదు. అక్కడ సిరంజీ కవర్ మన ముందే చించారా లేదా అని చూసేవారు ఎంతమంది? ఆరు నెలల కిందటి ముద్దు గురించి నిద్ర మానేసిన మనిషే, తెరిచి ఉంచిన ట్రేలోంచి తీసిన సూదికి మారు మాట్లాడకుండా చెయ్యి చాపుతాడు. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, మన భయం కొలుస్తున్నది ప్రమాదాన్ని కాదు. జరిగినది తప్పు అన్న భావనను. సూది వేయించుకోవడంలో సిగ్గుపడేది ఏమీ లేదు, అందుకే భయమూ లేదు.

2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి రాష్ట్రమంతటా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని హోర్డింగులు వెలిశాయి. ఆ పేరు ఇప్పటికీ జోకుల్లో బతికే ఉంది. అప్పట్లో జనాన్ని ఆ విషయం మాట్లాడేలా చేసింది కాబట్టి ఆ ప్రచారాన్ని తీసిపారేయలేం. కానీ ఆ తరానికి హెచ్ఐవీ గురించి అందిన చదువు చాలావరకు భయం దగ్గరే ఆగిపోయింది. పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి, నెగెటివ్ వస్తే దాన్ని ఎప్పుడు నమ్మాలి అన్నది చెప్పేవారు లేకపోయారు.

మూడు రోజుల్లోపు అయితే

కండోమ్ చిరిగింది, లేదా వాడలేదు, ఎదుటివారికి హెచ్ఐవీ ఉందని తెలిసింది లేదా ఉండే అవకాశం గట్టిగా ఉంది. అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. సోకకుండా ఆపే మందులు ఉన్నాయి, వీటిని పెప్ అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు ఒక్క పూటా మానకుండా వాడాలి. 72 గంటలు దాటాక ఇవి ఉపయోగపడవు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటిని ప్రధానంగా సూది గుచ్చుకున్న వైద్య సిబ్బంది కోసం, అత్యాచార బాధితుల కోసం ఉంచుతారు. మిగిలినవారి విషయంలో డాక్టర్ పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. అవసరమైతే ప్రిస్క్రిప్షన్ మీద బయట కొనుక్కోవచ్చు. హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు మామూలుగా పగటిపూట ఓపీ వేళల్లోనే తెరిచి ఉంటాయి. శనివారం రాత్రి జరిగినదానికి సోమవారం దాకా ఆగితే విలువైన గంటలు పోతాయి. అలాంటప్పుడు నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి డ్యూటీ డాక్టర్‌కు విషయం చెప్పండి.

ముద్దుకో, చేతి స్పర్శకో పెప్ ఇవ్వరు, అడగడమూ అనవసరం. స్త్రీలు గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర సంగతి కూడా ఈ మూడు రోజుల్లోనే చూసుకోవాలి. ఆ మాత్ర హెచ్ఐవీని ఆపదు, పెప్ గర్భాన్ని ఆపదు.

పరీక్ష ఎప్పుడు?

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వైరస్ సోకిన మర్నాడే పరీక్షలో కనబడదు. ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కువగా చేసేది రక్తంలో యాంటీబాడీలను పట్టే త్వరిత పరీక్ష. శరీరం వాటిని తయారు చేసుకోవడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. ల్యాబ్‌లో సిర నుంచి రక్తం తీసి చేసే యాంటీజన్-యాంటీబాడీ పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో పట్టగలదు. వైరస్‌నే వెతికే న్యాట్ పరీక్షకు 10 నుంచి 33 రోజులు.

దీన్ని మామూలు మాటల్లో చెప్పుకుంటే, మూడో రోజు నెగెటివ్ వస్తే ఈమధ్య జరిగినదాని గురించి అది ఏమీ చెప్పనట్టే. ఆరు వారాలకు ల్యాబ్ పరీక్ష నెగెటివ్ వస్తే దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. ఏ రకం పరీక్షైనా 90 రోజులు దాటాక నెగెటివ్ వస్తే, మధ్యలో మళ్లీ ప్రమాదం ఏదీ లేకపోతే, అది నెగెటివే. ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి అని మళ్లీ మళ్లీ చేయించుకోవాల్సిన పని లేదు. పెప్ వాడినవారికి మాత్రం లెక్క మారుతుంది, డాక్టర్ చెప్పిన తేదీల్లోనే చేయించుకోవాలి.

అయిదు నెలల కిందటి సంగతితో నిద్ర పట్టని పెళ్లికొడుకు ఒక్క పరీక్ష దూరంలో ఉన్నాడు. ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూడక్కర్లేదు, త్వరిత పరీక్ష అయితే అదే పూటలో తెలుస్తుంది.

మొదటి పరీక్షలో ఏదైనా తేడా కనిపిస్తే వెంటనే ‘పాజిటివ్’ అని చేతిలో పెట్టరు. వేర్వేరు కిట్లతో మరో రెండు పరీక్షలు చేసి, మూడూ కలిస్తేనే నిర్ధారిస్తారు. బయట ల్యాబ్‌లో ఒక్క కిట్‌తో వచ్చిన రిపోర్టు చూసి కుప్పకూలిపోవద్దు. ప్రభుత్వ కేంద్రంలో నిర్ధారించుకోవాలి.

లక్షణాలను బట్టి తేల్చుకోవచ్చా? వీలుకాదు. కొత్తగా సోకినవారిలో కొందరికి రెండు నుంచి నాలుగు వారాల్లో జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. కొందరికి ఏమీ రావు. అవే లక్షణాలు వైరల్ జ్వరానికి, డెంగీకి కూడా ఉంటాయి. ఆందోళన కూడా చిన్న నటుడు కాదు. గుండె దడ, చెమటలు, విరేచనాలు, అరికాళ్లలో చిమచిమలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం అన్నీ తెచ్చిపెడుతుంది. రోజుకు ఇరవైసార్లు మెడ నొక్కి చూసుకుంటే గ్రంథులు నొప్పెడతాయి, అది నొక్కినందుకు.

నౌపడ నుంచి ఎక్కడికి?

ప్రభుత్వ కేంద్రాలను ఐసీటీసీలు అంటారు. పరీక్ష ఉచితం, ముందూ వెనుకా కౌన్సెలర్ మాట్లాడతారు. నౌపడవారికి దగ్గర్లో టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, జిల్లా కేంద్రంలో రిమ్స్‌గా అందరికీ తెలిసిన శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. తెలిసినవాళ్లు కనిపిస్తారని బెరుకుగా ఉంటే వేరే ఊరికి వెళ్లండి, తప్పేం లేదు. మీ ఊరి కేంద్రంలోనే చేయించుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. విశాఖ కేజీహెచ్ కావచ్చు, గుణుపూర్ బండెక్కితే వచ్చే పర్లాకిమిడి కావచ్చు. నాకో ఎయిడ్స్ యాప్‌లో కేంద్రాల వివరాలు దొరుకుతాయి.

2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు. గల్ఫ్ మెడికల్ లాంటివి ఆ దేశాల వీసా నిబంధనలు, వాటికి మన చట్టం అడ్డుపడలేదు. అందుకే ఏజెంట్‌కు డబ్బు కట్టకముందే ఇక్కడ పరీక్ష చేయించుకుని తెలుసుకోవడం తెలివైన పని.

ఈ వ్యవస్థలో ఒక లోటు గురించి కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా రూ.15,471.94 కోట్లతో మంజూరైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం అయిదో దశ ప్రధానంగా ప్రమాదం ఎక్కువ ఉన్న వర్గాల మీద, గర్భిణుల మీద, చికిత్స మీద దృష్టి పెట్టింది. అది సబబే, డబ్బు అక్కడే పెట్టాలి. కానీ ప్రమాదం తక్కువ, భయం ఎక్కువ ఉన్న మనిషి ఈ గళ్లలో ఎక్కడా ఇమడడు. ‘నెగెటివ్, వెళ్లండి’ అని రెండు నిమిషాల్లో పంపేస్తే అతను బయటికొచ్చి ప్రైవేటు ల్యాబ్‌లో వేల రూపాయల న్యాట్ పరీక్షకు డబ్బు కడతాడు, నెల తర్వాత మళ్లీ కడతాడు. నెగెటివ్ వచ్చిన మనిషికి ఆ ఫలితం ఎందుకు నమ్మదగ్గదో పది నిమిషాలు వివరించడం కూడా ప్రజారోగ్యమే. కౌన్సెలర్ చెప్పకపోతే మీరే అడగండి: ‘ఇది ఏ రకం పరీక్ష, నా తేదీకి ఇది సరిపోతుందా?’

అదే ఆసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉందేమో కనుక్కోండి. హెచ్ఐవీ అంత తేలిగ్గా రాదు గానీ సిఫిలిస్, గనేరియా, హెర్పిస్ అంతకంటే తేలిగ్గా వస్తాయి. నోటి సంబంధంతో కూడా వస్తాయి. హెచ్ఐవీ భయంలో వీటిని మరిచిపోవడం మామూలే. వీటిలో సిఫిలిస్, గనేరియా మందులతో పూర్తిగా నయమవుతాయి. ఫలితం తేలేదాకా ఇంట్లో భార్యతోనో భర్తతోనో కండోమ్ వాడాలి. ఈ మాట ఇబ్బందిగా ఉంటుందని తెలుసు, అయినా తప్పదు.

పరీక్ష నెగెటివ్. అయినా భయం పోవడం లేదు

ఇలాంటివారు చాలామంది ఉంటారు. ‘కిట్ పాడైందేమో’, ‘నా రక్తం మారిపోయిందేమో’, ‘నాది అరుదైన రకమేమో’. ఒక్కో పరీక్ష రెండు రోజులు నెమ్మదిస్తుంది, మూడో రోజు సందేహం మళ్లీ మొదలవుతుంది. 90 రోజులు దాటి నెగెటివ్ వచ్చాక కూడా ఇలా ఉంటే వైద్యం కావాల్సింది మనసుకు. ఇది పిచ్చి కాదు, ఆందోళన జబ్బు. మాటలతో, అవసరమైతే మందులతో తగ్గుతుంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే చేయండి, పక్కనున్నవారికీ చెప్పండి.

కొంతమందికి పాజిటివ్ వస్తుంది. 2004 నుంచి దేశంలో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ వెంటనే మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకటే మాత్ర. త్వరగా మొదలుపెట్టి మానకుండా వాడితే ఆయుష్షు మిగిలినవారికి దగ్గరగా ఉంటుంది. పెళ్లి, పిల్లలు కూడా సాధ్యమే.

ఇప్పటికిప్పుడు ఆసుపత్రికి వెళ్లే ధైర్యం లేనివారు నాకో హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు. ఛార్జీ పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. ఏ తేదీన, ఏం జరిగింది, కండోమ్ ఉందా లేదా అన్న మూడు ముక్కలు ముందే కాగితం మీద రాసుకుంటే కౌన్సెలర్ అడిగినప్పుడు తడబాటు ఉండదు.